గొంతుకు పని తగ్గించి పాడటం

పాట నేర్చుకునేవాళ్లు మొదటి నెలలోనే రెండు మాటలు వింటారు. "గొంతు వదులుగా పెట్టు" అనేది ఒకటి, "పొట్టలోంచి పాడు" అనేది రెండోది. చెప్పేవాళ్లు మంచికే చెబుతారు, చాలాసార్లు వాళ్లు హాయిగా పాడగలిగినవాళ్లే. వినేవాళ్లకే ఆ రెండూ ఎలా చెయ్యాలో అంతు పట్టదు. గొంతు వదులు చెయ్యబోతే స్వరంలో గాలి కలిసి పలచబడుతుంది. పొట్టలోంచి పాడబోతే పొట్టతోపాటు మెడ కూడా బిగుస్తుంది. కొన్నాళ్లకు తార స్థాయి (పై స్వరాలు) వస్తోందంటేనే భుజాలు లేవడం, గడ్డం ముందుకు రావడం అలవాటైపోతుంది. పాట అయ్యాక గొంతు గీరుకుపోయినట్టు ఉంటే సాధన చాలలేదనుకుని మర్నాడు ఇంకో అరగంట ఎక్కువ పాడతారు.

గొంతు బిగియడం మనం కావాలని చేసే పని కాదు. ఇంకో చోట జరగాల్సిన పని జరగనప్పుడు ఆ భారం గొంతు మీద పడుతుంది, అది తనకు తెలిసిన పద్ధతిలో నెట్టుకొస్తుంది. అందుకే "వదులు" అని ఆజ్ఞ వేస్తే వినదు. దాని మీద పడిన పనిని తీసేస్తే అదే వదులవుతుంది. ఆ పని ఊపిరి దగ్గర నుంచి రావచ్చు, ఎంచుకున్న శ్రుతి (పాటకు ఆధారంగా పెట్టుకున్న స్వరం) నుంచి రావచ్చు, దవడ నుంచి, నాలుక నుంచి రావచ్చు. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూడకుండా టెన్షన్ తగ్గించుకోమని సలహా ఇస్తే కొత్త టెన్షన్ ఒకటి తోడవుతుంది, అంతే.

కంపనం కండబలంతో రాదు

గొంతు ముందు వేలికి తగిలే ఎత్తు వెనుక స్వరపేటిక ఉంటుంది. దాని లోపల రెండు చిన్న మడతలు, అవే స్వరతంత్రులు. మగవాళ్లలో వాటి పొడవు సుమారు 17 నుంచి 25 మిల్లీమీటర్లు, ఆడవాళ్లలో 12 నుంచి 17. లోపల కండరం, పైన చాలా మెత్తటి పొర. ఊపిరి తీసుకునేటప్పుడు విడిపోతాయి, పాడేటప్పుడు దగ్గరకు వస్తాయి. కింది నుంచి వచ్చే గాలి వాటిని తెరుస్తుంది, అవి మళ్లీ మూసుకుంటాయి. శ్రుతుల అంకెలు హార్మోనియం తెల్ల మెట్లవి, ఒకటి అంటే సి, ఐదు అంటే జి. ఒకటి శ్రుతిలో ఆధార షడ్జం (స) పట్టుకున్న మగవాడి స్వరతంత్రులు సెకనుకు దాదాపు 131 సార్లు ఇలా తెరుచుకుని మూసుకుంటాయి. ఐదు శ్రుతిలో పాడే స్త్రీకి అదే షడ్జం 196 సార్లు. తార షడ్జానికి (పై స) వెళితే రెట్టింపు.

ఇన్నిసార్లు మన ఒంట్లో ఏ కండరమూ తనంతట తాను బిగిసి వదలలేదు. 1950లో రౌల్ హుస్సోన్ అనే ఫ్రెంచి పరిశోధకుడు ఒక్కో కంపనానికి ఒక్కో నాడీ సంకేతం వెళుతుందని వాదించాడు. ఆ వాదం నిలబడలేదు. 1958లో డచ్చి శాస్త్రవేత్త వాన్ డెన్ బెర్గ్ ఇచ్చిన వివరణే ఇవాళ్టికీ ఆధారం: కండరాలు స్వరతంత్రులను ఒక స్థితిలో నిలబెడతాయి, కంపింపజేసేది గాలి, వాటి సొంత సాగే గుణం. పాడేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. గొంతులో ఎంత బలం పెట్టినా కంపనం పెరగదు. బలం పెడితే ఆ రెండు మడతలు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకుంటాయి.

ఈ మడతలను బతికున్న మనిషిలో, పాడుతుండగా చూసే పద్ధతిని వాడుకలోకి తెచ్చినవాడు డాక్టరు కాదు, సంగీతం మాస్టారు. స్పెయిన్ వాడైన మాన్యుయెల్ గార్సియా 1854లో పళ్ల డాక్టర్ల చిన్న అద్దాన్ని గొంతులో పెట్టుకుని, ఎండను దాని మీదకు తిప్పి తన స్వరతంత్రులనే చూసుకున్నాడు. మరుసటి ఏడు లండన్ రాయల్ సొసైటీకి ఆ వివరాలు సమర్పించాడు. ఆయన 101 ఏళ్లు బతికాడు.

ఊపిరిని ఆపేది ఎవరు?

అసలు విషయం ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపికగా చూద్దాం.

మామూలుగా మాట్లాడటానికి స్వరతంత్రుల కింద ఎంత గాలి ఒత్తిడి కావాలి? నీటి మట్టంలో చెబితే 5 నుంచి 10 సెంటీమీటర్లు. ఇది ఎంత తక్కువో ఇంట్లోనే చూడొచ్చు. గ్లాసులో నీళ్లు పోసి స్ట్రాను 5 సెంటీమీటర్ల లోతుకు దించి మెల్లగా ఊదండి. మొదటి బుడగ బయటికి రావడానికి పట్టిన ఒత్తిడి 5 సెంటీమీటర్లు. బీపీ మిషన్ మీద కనిపించే 120ని ఇదే లెక్కలోకి మారిస్తే 160 సెంటీమీటర్లు దాటుతుంది. గట్టిగా పాడేటప్పుడు గొంతు కింద ఒత్తిడి 20, 30, ఒక్కోసారి అంతకు పైగా వెళ్తుంది. అయినా మధ్య స్థాయిలో, మైకు ముందు, ఒక కృతి పల్లవి పాడటానికి అంత అవసరమే లేదు.

ఇప్పుడు "ఊపిరి నిండా తీసుకో" అనే సలహా సంగతి. ఊపిరితిత్తులు, పక్కటెముకలు సాగి మళ్లీ యథాస్థితికి రావాలని చూస్తాయి. పూర్తిగా నింపి ఏ ప్రయత్నమూ లేకుండా వదిలేస్తే, ఆ సాగుడు ఒక్కటే 30 సెంటీమీటర్ల ఒత్తిడి పుట్టిస్తుంది. కావాల్సింది 8 అయితే వస్తున్నది 30. మిగిలిన 22ని ఎవరో ఒకరు ఆపాలి. ఆపగలిగినవాళ్లు ఇద్దరే. పక్కటెముకలను విప్పి ఉంచే కండరాలు, డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే కండరం) కలిసి వెనక్కి పట్టి ఉంచొచ్చు. అవి ఒక్కసారిగా వదిలేస్తే గొంతే గట్టిగా మూసుకుని ఆ గాలిని ఆపుతుంది. గొంతు బిగియడం చాలామందిలో మొదలయ్యేది సరిగ్గా ఈ క్షణంలో, మొదటి అక్షరం పలకకముందే.

అందుకే పాట మొదట్లో గొంతు బిగుసుకుని, వాక్యం సగంలో హాయిగా అనిపించి, చివర్లో మళ్లీ బిగుస్తుంది. మొదట ఎక్కువైన గాలి, చివర అయిపోయిన గాలి. మధ్యలో ఉన్న ఆ హాయి ఎలా వచ్చిందో గమనిస్తే, ఎంత ఊపిరితో మొదలుపెట్టాలో తెలిసిపోతుంది. ఒక పొడుగాటి మాట చెప్పబోయే ముందు మనకు తెలియకుండానే తీసుకునే ఊపిరి కంటే కాస్త ఎక్కువ. పాటలో చాలా సంగతులకు (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీర్లకు) అంతే చాలు.

డయాఫ్రమ్ గురించి ఒక అపోహ బాగా పాతుకుపోయింది. "డయాఫ్రమ్‌తో గాలిని పైకి నెట్టాలి" అంటారు. అది గాలిని లోపలికి తీసుకునే కండరం. బయటికి నెట్టడం దాని పని కాదు, దానికి చేతకాదు. నెట్టేవి పొట్ట కండరాలు. "పొట్టలోంచి పాడు" అన్నప్పుడు విద్యార్థి ఆ కండరాలను ఒక్కసారిగా లోపలికి లాగుతాడు, ఒత్తిడి ఎగిరిపడుతుంది, గొంతు మూసుకుంటుంది. తోటకు నీళ్లు పట్టే పైపు మూతిని బొటనవేలితో నొక్కితే ఏమవుతుందో ఇక్కడా అదే: లోపల ఒత్తిడి పెరుగుతుంది, బయటికి వచ్చే నీళ్లు తగ్గుతాయి. అలాంటి గొంతు వినడానికి గట్టిగా, బిరుసుగా ఉంటుంది కానీ దూరం వెళ్లదు.

త్యాగరాజు ఒక కృతిలో నాభి, హృదయం, కంఠం, నాలుక, నాసికలలో సప్తస్వరాలు శోభిల్లుతాయన్నాడు. నాదం నాభిలో పుట్టి పైకి వస్తుందని మన శాస్త్రం కూడా చెబుతుంది. దీన్ని కండరాలకు ఇచ్చిన ఆదేశంగా తీసుకుంటేనే తిప్పలు. పాడేవాడి అనుభవంగా తీసుకుంటే చక్కగా కుదురుతుంది. గొంతు పని తగ్గినప్పుడు అక్కడ ఏమీ తెలియదు, తెలిసేదల్లా నడుము చుట్టూ మెల్లగా జరిగే కదలికే.

ఇటలీ పాత సంగీత బడులు దీన్ని పాడే గాలికీ ఆపే గాలికీ మధ్య పోరుగా వర్ణించేవి. అభ్యాసం మాత్రం సులువే. సుఖంగా ఊపిరి తీసుకుని, పక్కటెముకల మీద చేతులు పెట్టుకుని, "స్‌స్‌స్" అని సన్నగా వదలండి. పక్కటెముకలు వెంటనే కూలిపోకుండా, చివరి వరకు కాస్త విప్పారే ఉండాలి. శబ్దం చివరిదాకా ఒకే మందంలో ఉండాలి. రోజూ రెండు మూడు నిమిషాలు చాలు. ఎన్ని సెకన్లు ఆపగలిగానని లెక్కపెట్టే పోటీ వద్దు. ఆ పోటీలో గెలిచేది మళ్లీ గొంతు బిగించినవాడే. ఇంకో గుర్తు: ఊపిరి తీసుకునేటప్పుడు చప్పుడు వస్తుంటే గొంతు అప్పటికే ఇరుకైందని అర్థం.

పద్యం పాడేవాళ్లకు ఇది మరీ కష్టం. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, చంపకమాలలో 21. పాదమంతా ఒక్క ఊపిరిలో లాగి, చివర రాగం తీసి చప్పట్లు కొట్టించుకోవాలనే పట్టుదలతో గొంతులు పాడుచేసుకున్నవాళ్లు తక్కువమంది కాదు. యతి దగ్గరో, మాట విరిగే చోటో చిన్న ఊపిరి తీసుకుంటే పద్యానికి వచ్చే లోటేమీ లేదు.

వదులు అంటే గాలి కలపడం కాదు

బిగింపుకు భయపడి కొందరు రెండో వైపుకు వెళ్లిపోతారు. స్వరతంత్రులు పూర్తిగా దగ్గరకు రాకుండా సగం గాలి, సగం నాదంతో పాడతారు. మైకు దగ్గరగా పెట్టుకుంటే అది వినడానికి మెత్తగానే ఉంటుంది, ఈ మధ్య సినిమా పాటల్లో ఈ పోకడ బాగా కనిపిస్తోంది. రికార్డింగ్ గదిలో ఒక చరణం వరకు పర్లేదు. రెండు గంటల కచేరీలో అలా పాడితే గాలి ఊరికే ఖర్చవుతుంది, గొంతు పొడిబారుతుంది, చివరికి ఆ లోటు పూడ్చుకోవడానికి మళ్లీ బిగింపే వస్తుంది. మంచి నాదం ఈ రెంటికీ మధ్య ఉంటుంది. మడతలు పూర్తిగా కలుస్తాయి, కానీ మెత్తగా కలుస్తాయి.

దీన్ని పరీక్షించే పద్ధతి ఒకటి నాకు అన్నిటికంటే నమ్మకమైనదిగా అనిపిస్తుంది. ఏదైనా స్వరాన్ని చాలా సన్నగా మొదలుపెట్టి, మెల్లగా పెంచి, మళ్లీ సన్నగా తగ్గించి ముగించండి. శ్రుతి కదలకూడదు, మధ్యలో గొంతు విరగకూడదు. గట్టిగా మాత్రమే వచ్చి సన్నగా రాని స్వరం ఇంకా మీ చేతిలోకి రాలేదు, ఒత్తిడితో నిలబడుతోంది. సరళీ వరుసలు (తొలి పాఠాలు) మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా, సగం గొంతుతో పాడమని చెప్పే గురువులు పిల్లల్ని బద్ధకస్తుల్ని చేస్తున్నారనుకోకండి.

పాట అచ్చుతో మొదలైనప్పుడు కూడా చూసుకోవాలి. "ఆ", "ఎ", "ఈ" లాంటి అక్షరాన్ని ముందు గొంతు మూసి, ఠప్పున తెరిచి మొదలుపెట్టడం చాలామందికి అలవాటు. ఆ చిన్న దెబ్బ ఒకసారి పడితే ఏమీ కాదు. గంట సాధనలో వందలసార్లు పడుతుంది.

శ్రుతి ఎవరిది?

టెక్నిక్ అంతా సరిగా ఉన్నా, శ్రుతి తప్పుగా ఎంచుకుంటే గొంతు బిగియకుండా ఉండదు. మన దగ్గర దీన్ని సాంకేతిక విషయంగా కాక పరువు విషయంగా చూస్తారు. "రెండున్నరలో పాడతాడు" అనడంలో ఒక మెచ్చుకోలు ఉంటుంది. కర్ణాటక సంగీతంలో మగవాళ్లు సాధారణంగా ఒకటి చుట్టుపక్కల, ఆడవాళ్లు ఐదు చుట్టుపక్కల పాడతారు. అర శ్రుతి తేడా కాగితం మీద చిన్నదే. కానీ తార పంచమం (పై స్థాయి ప) దగ్గర ఆ అర శ్రుతే పాటకూ అరుపుకూ మధ్య తేడా అవుతుంది.

ఎలా ఎంచుకోవాలి? తార పంచమం అందుతుందా అని కాకుండా, మంద్ర పంచమం (కింది స్థాయి ప) స్పష్టంగా వినిపిస్తూ, తార మధ్యమం (పై స్థాయి మ) సన్నగా కూడా పలకగలిగే శ్రుతి ఏదో చూడాలి. ఆ లెక్క పొద్దున్నొకటి, సాయంత్రమొకటి చెప్పొచ్చు. జలుబు చేసినప్పుడు ఇంకోటి చెబుతుంది. అందుకు సిగ్గుపడక్కర్లేదు.

సామూహిక క్లాసుల్లో ఈ సమస్య మరీ ఎక్కువ. టీచరు గారి గొంతు ఐదు శ్రుతి, శ్రుతి పెట్టె అక్కడే ఉంటుంది. ఎదురుగా ఆరేళ్ల పిల్లలు, గొంతు మారుతున్న పద్నాలుగేళ్ల అబ్బాయి, పక్కన నేర్చుకుందామని కూర్చున్న వాళ్ల నాన్న. అందరూ అదే శ్రుతిలో పాడాలి. గొంతు మారే వయసులో అబ్బాయిల స్వరతంత్రులు వేగంగా పొడవు పెరుగుతాయి. ఆ ఏడాది రెండేళ్లు అతని శ్రుతి నెలనెలా జారుతుంటుంది. పాత శ్రుతిలోనే పాడించాలని పట్టుబడితే అతను మెడతో పాడటం నేర్చుకుంటాడు, లేదా మానేస్తాడు. ఎక్కువమంది మానేస్తారు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో జూమ్ క్లాసుల్లో నేర్చుకునే తెలుగు పిల్లలకు ఇంకో ఇబ్బంది. చుట్టూ ఉన్న రొద తగ్గించడానికి ఆ యాప్‌లో ఉన్న ఏర్పాటు, నిలకడగా సాగే స్వరాన్నీ శ్రుతినీ కూడా రొద అనుకుని కోసేస్తుంది. టీచరుకు వినపడదు, "గట్టిగా పాడమ్మా" అంటారు, పిల్ల అరుస్తుంది. సెట్టింగ్స్‌లో సంగీతం కోసం అసలు ధ్వనిని యథాతథంగా పంపే వీలు ఉంది, అది ఆన్ చేస్తే సగం అరుపు తగ్గుతుంది.

కరవోకేలో సినిమా పాట పాడేవాళ్లూ అంతే. అసలు గాయకుడి శ్రుతిలోనే పాడకపోతే పాట పాడినట్టు కాదన్న పట్టింపు ఎందుకో అర్థం కాదు. ట్రాక్‌ను రెండు మెట్లు దించే బటన్ ఫోన్‌లోనే ఉంటుంది.

పెద్దగా పాడటం వేరు, హెచ్చు శ్రుతిలో పాడటం వేరు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. మైకులు లేని రోజుల్లో పద్యనాటకాల నటులు చివరి వరసకు వినిపించడానికి హెచ్చు శ్రుతిని ఆశ్రయించారు, దానికి ఒక కారణం ఉంది. చెవికి 3000 హెర్ట్జ్ (సెకనుకు 3000 కంపనాలు) చుట్టుపక్కల ధ్వనులు బాగా పడతాయి. స్వీడన్ శాస్త్రవేత్త యోహన్ సుండ్‌బెర్గ్ ఒపెరా గాయకుల గొంతుల్లో సరిగ్గా ఆ ప్రాంతంలో ఒక శిఖరం ఉంటుందని, దానివల్లే మైకు లేకుండా పెద్ద వాద్యబృందాన్ని దాటి గొంతు వినిపిస్తుందని చూపించాడు. అది బలం పెడితే వచ్చేది కాదు, స్వరపేటిక పైన ఉన్న చిన్న గది ఆకారం వల్ల వచ్చేది. గొంతు నొక్కితే ఆ ఆకారం నిలవదు.

ఇప్పుడు మైకు ఉంది. కానీ డప్పు పక్కన, డీజే బాక్సుల ముందు, తన గొంతు తనకు వినిపించని స్టేజీ మీద పాడేవాళ్లకు మైకు ఉన్నా ప్రయోజనం లేదు. చుట్టూ రొద పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి డాక్టరు ఎటియన్ లొంబార్డ్ 1911లోనే గమనించాడు. దీన్ని మనోబలంతో ఆపడం చాలా కష్టం. మానిటర్ స్పీకర్ అడిగి పెట్టించుకోవడం టెక్నిక్‌లో భాగమే. ఆర్గనైజర్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

తార గాంధారం దగ్గర ఏమవుతుంది

స్వరం పైకి వెళ్లాలంటే స్వరతంత్రులు సాగి పలచబడాలి. వాటిని సాగదీసే కండరం ఒకటి, పొట్టిగా మందంగా ఉంచే కండరం ఇంకోటి. మంద్రంలో రెండోదాని పెత్తనం ఎక్కువ, తారంలో మొదటిదానిది. మధ్యలో ఎక్కడో పెత్తనం చేతులు మారాలి. చాలామంది మగ గొంతుల్లో ఇది సుమారు 250 నుంచి 350 హెర్ట్జ్ మధ్య జరుగుతుంది. ఒకటి శ్రుతిలో పాడేవాడికి అవి సరిగ్గా తార షడ్జం నుంచి తార మధ్యమం వరకు ఉన్న స్వరాలు. ఐదు శ్రుతిలో పాడే ఆడవాళ్లకు ఇలాంటి మొదటి మార్పు మధ్య స్థాయి ధైవతం, నిషాదం (ద, ని) దగ్గరే మొదలవుతుంది.

అక్కడ గొంతు కాస్త ఊగుతుంది, విరిగినట్టు వినిపిస్తుంది. ఆ ఊగుడు వినపడకూడదని కింది స్వరాల మందాన్ని అలాగే పైకి మోసుకుపోవడమే మన దగ్గర బిగింపుకు రెండో పెద్ద కారణం. మందంగా ఉన్న మడతలను పై స్వరానికి కంపింపజేయాలంటే ఒత్తిడి ఎక్కువ కావాలి, మళ్లీ మొదటి కథే. అలాగని ఒక్కసారిగా ఫాల్సెటోలోకి, సన్న గొంతులోకి జారిపోవడం మన సంగీతానికి నప్పదు. చెయ్యాల్సింది ఏమిటంటే ఆ మార్పును ముందే మొదలుపెట్టడం. మధ్య స్థాయి పంచమం నుంచే స్వరాన్ని కొంచెం కొంచెం పలచన చేస్తూ వెళితే తార గాంధారం దగ్గర పెద్ద గట్టు ఉండదు. పై నుంచి కిందికి, అంటే అవరోహణలో సాధన చేస్తే ఇది తొందరగా పట్టుబడుతుంది. పైన ఉన్న తేలికను కిందికి తేవడం సులువు. ఆరోహణ మీదే గంటలు గడిపేవాళ్లు ఒక వారం అవరోహణకు ఎక్కువ సమయం ఇచ్చి చూడండి.

వేగమైన సంగతులు, బిర్కాలు (వేగంగా దొర్లే స్వరాల గుంపులు) రాకపోవడానికి కూడా చాలాసార్లు కారణం ఇదే. బరువుగా నొక్కి పెట్టిన గొంతు త్వరగా కదలదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు మూడు స్థాయిల్లో అంత సునాయాసంగా తిరగడం దైవదత్తమని సరిపెట్టుకుంటాం. ఆయన రికార్డులు శ్రద్ధగా వింటే, పైకి వెళ్లేకొద్దీ గొంతు లావు కావడం లేదని, సన్నబడుతోందని ఎవరికైనా తెలుస్తుంది.

దవడ, నాలుక, శార్ఙ్గదేవుడి చిట్టా

13వ శతాబ్దంలో దేవగిరి యాదవ రాజు సింఘణుడి ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు తన సంగీత రత్నాకరంలో గాయకుల దోషాలు 25 లెక్కపెట్టాడు. తరవాత రాచకొండ ప్రభువు సింహభూపాలుడు ఆ గ్రంథానికి వ్యాఖ్య రాశాడు, కాబట్టి అది మనవాళ్లకు కొత్తది కాదు. పళ్లు బిగించి పాడేవాడు సందష్టుడు. అరిచేవాడు ఉద్ఘుష్టుడు. భయపడుతూ పాడేవాడు భీతుడు. మెడ పైకెత్తి పాడేవాడు కరభుడు. నోరు మరీ తెరిచి పాడేవాడు కరాళి. ముఖం మీద, మెడ మీద నరాలు ఉబ్బేలా పాడేవాడు ఝోంబకుడు. బుగ్గలు పూరించేవాడు తుంబకి. కళ్లు మూసుకుని పాడేవాడిని కూడా నిమీలకుడని దోషుల్లో చేర్చాడు. ఆ ఒక్క పరీక్షలో మాత్రం ఇవాళ్టి కచేరీ విద్వాంసుల్లో సగం మంది తప్పుతారు.

ఈ చిట్టాలో ఎక్కువ భాగం అందం కోసం చెప్పినట్టు కనిపిస్తుంది, కానీ శరీరశాస్త్రం కూడా అదే చెబుతుంది. నాలుక మొదలు, దవడ కింది కండరాలు ఒక చిన్న ఎముకకు అతుక్కుని ఉంటాయి, ఆ ఎముక నుంచే స్వరపేటిక వేలాడుతుంది. నాలుక మొదలు బిగిస్తే స్వరపేటిక కదులుతుంది. గడ్డం పైకెత్తితే అదీ లాగబడుతుంది. గడ్డం కింద మెత్తటి చోట బొటనవేలు పెట్టి పాడి చూడండి. మింగేటప్పుడు అక్కడ గట్టిపడినట్టే పాడేటప్పుడూ గట్టిపడుతుంటే, నాలుక తనది కాని పని చేస్తోంది. అద్దం ముందు పాడటం సగం రోగాలకు మందు, అందులో ఖర్చు లేదు.

నోరు తెరవడానికి ఒకే కొలత లేదు, అచ్చును బట్టి, స్వరాన్ని బట్టి మారుతుంది. "ఈ" పలికేటప్పుడు నోటిలోని గాలికి సహజంగా ఉండే మొదటి ప్రతిధ్వని సుమారు 300 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. "ఆ"కు 700 పైనే. ఐదు శ్రుతిలో తార షడ్జమే 392. అంటే తార స్థాయిలో "ఈ"ని మాట్లాడినట్టే పళ్లు దగ్గరగా పెట్టి పలికితే నోరు స్వరానికి సాయం చెయ్యదు, గొంతు ఒంటరిగా లాగాలి. దవడ కాస్త జార్చి, "ఈ"ని "ఎ" వైపు కొద్దిగా వంచితే వినేవాళ్లకు మాట మారినట్టు అనిపించదు, పాడేవాళ్లకు మాత్రం బరువు దిగిపోతుంది. తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది కాబట్టి సాగదీయడానికి ఎప్పుడూ ఏదో ఒక అచ్చు దొరుకుతుంది. కానీ అది ఏ అచ్చన్నది మన చేతిలో లేదు. "ఇ"తో, "ఉ"తో ముగిసే మాటలే ఎక్కువ. అందుకే ఒక్క ఆకార సాధనతో సరిపెట్టకుండా ఈకారం, ఊకారం కూడా తార స్థాయిలో విడిగా చూసుకోవాలి.

స్ట్రా, ఓంకారం, కరక్కాయ

గొంతు వేడెక్కించడానికి ఇవాళ స్వర చికిత్సకులు ఎక్కువగా చెప్పేది స్ట్రాతో పాడటం. సన్నటి స్ట్రా పెదాల మధ్య పెట్టుకుని, గాలి ముక్కు నుంచి పోకుండా, "ఊ" అని కింద నుంచి పైకి, పై నుంచి కిందికి జారుతూ ఐదు నిమిషాలు. అమెరికా శాస్త్రవేత్త ఇంగో టిట్జ దీన్ని బాగా ప్రచారం చేశాడు. నోటి చివర దారి ఇరుకైతే నోటిలో కొంచెం ఎదురు ఒత్తిడి పుడుతుంది. అది స్వరతంత్రులను గట్టిగా కొట్టుకోకుండా కాస్త విడదీసి పట్టుకుంటుంది. తక్కువ శ్రమతో కంపనం నిలుస్తుంది. పెదాలు మూసి "మ్" అనడం, ఓంకారం చివర మకారాన్ని సాగదీయడం, పెదాలు దడదడలాడిస్తూ శ్రుతి పట్టడం, అన్నీ ఇదే జాతివి. మన పెద్దలు ఓంకారంతో సాధన మొదలుపెట్టడానికి వాళ్ల కారణాలు వాళ్లకు ఉన్నాయి, ఫలితం మాత్రం గొంతుకూ అందింది.

తెల్లవారుజామున మంద్ర సాధన కూడా మంచిదే. మంద్ర స్వరాలను ఒత్తిడితో తేలేం, నొక్కితే మాయమవుతాయి, కాబట్టి అవే మనకు వదలడం నేర్పుతాయి. నిద్ర లేచిన వెంటనే స్వరతంత్రులు కొద్దిగా ఉబ్బి ఉంటాయి, అప్పుడే తార స్థాయికి పరిగెత్తొద్దు.

ఇక బుగ్గన పెట్టుకునే కరక్కాయ, అతిమధురం, మిరియాలు, పటికబెల్లం. ఇవేవీ స్వరతంత్రులను తాకవు. తాకితే దగ్గు ముంచుకొస్తుంది, మింగింది గాలి గొట్టంలోకి పోకుండా కాపాడటమే ఆ చోటి మొదటి పని. వీటివల్ల లాలాజలం ఊరుతుంది, గొంతు పై భాగం తడిగా ఉంటుంది, మాటిమాటికీ గొంతు సకిలించాలనిపించదు. అదే పెద్ద లాభం, ఎందుకంటే సకిలించడమంటే స్వరతంత్రులను ఒకదానికొకటి బాదడమే. మంచినీళ్లు కూడా నేరుగా అక్కడికి వెళ్లవు, రక్తం ద్వారా తడి చేరడానికి సమయం పడుతుంది. కచేరీకి పది నిమిషాల ముందు సీసా ఎత్తి తాగడం కంటే పొద్దుటి నుంచి తాగుతూ ఉండటం మేలు. ఆవిరి మాత్రం శ్వాసతోపాటు నేరుగా వెళ్తుంది. చల్లనీళ్ల మీద ఉన్నంత భయం రాత్రి పదకొండుకు తినే పులుసన్నం మీద ఉంటే బాగుండేది. పడుకోగానే పైకి తన్నే ఆమ్లం గొంతుకు చేసే చేటు ఐస్‌క్రీం చెయ్యదు. గొంతును మొద్దుబార్చే బిళ్లలు వేసుకుని పాడొద్దు, నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆపాలో తెలియదు. గుసగుసగా మాట్లాడటం గొంతుకు విశ్రాంతి కాదు, విశ్రాంతి అంటే మాట్లాడకపోవడమే.

డాక్టర్ దగ్గరకు ఎప్పుడు

పాడిన మర్నాడు కొంచెం బరువుగా ఉండి రెండు రోజుల్లో సర్దుకుంటే కంగారు లేదు. బొంగురు మూడు నాలుగు వారాలు దాటినా, తార స్థాయిలో సన్నగా పాడగలిగే స్వరాలు ఒక్కొక్కటిగా మాయమవుతున్నా ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలి. గొంతే జీవనోపాధి అయిన గాయకులు, టీచర్లు, పురోహితులు అంతకాలం ఆగకూడదు. పాడుతుండగానో అరుస్తుండగానో గొంతు ఒక్కసారిగా పోతే స్వరతంత్రిలో రక్తం చిమ్మి ఉండొచ్చు. అప్పుడు ఆ క్షణమే మాట ఆపి వెళ్లాలి, కచేరీ పూర్తి చేసి కాదు. అలాంటప్పుడు నొప్పికని ఆస్పిరిన్ వేసుకోవద్దు.

చిన్న కెమెరా గొట్టంతో స్వరతంత్రులను చూస్తారు. వెలుగు మిణుకుమిణుకుమనిపించి కంపనాన్ని నెమ్మదిగా చూపించే స్ట్రోబోస్కోపీ ఉన్న చోటైతే ఇంకా మంచిది, మామూలు వెలుగులో తెలియని తేడాలు అందులో తెలుస్తాయి. నాడ్యూల్స్ అని తేలగానే ఆపరేషన్ అనుకుని హడలిపోతారు. అవి స్వరతంత్రులు గట్టిగా కొట్టుకునే చోట, రెండు వైపులా ఎదురెదురుగా వచ్చే చిన్న గట్టిదనాలు. ఎక్కువమందిలో స్వర చికిత్సతో, పాడే, మాట్లాడే తీరు మార్చుకోవడంతో తగ్గుతాయి. ఆపరేషన్ చేయించుకున్నా పాత పద్ధతిలోనే పాడితే అదే చోట మళ్లీ వస్తాయి, అందుకే ఆపరేషన్‌కు ముందూ తరవాతా కూడా స్పీచ్ థెరపిస్టు దగ్గరకు పంపుతారు. వెళ్లేటప్పుడు మీరు పాడే శ్రుతి ఎంతో, రోజుకు ఎన్ని గంటలు పాడుతున్నారో, పాటలు చెప్పే క్లాసులు ఎన్ని ఉన్నాయో రాసుకుని వెళ్లండి, మీ సాధన రికార్డింగ్ ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి.